మొదటి ముక్క

ఆసుపత్రిలో అత్యవసర విభాగం బయట బెంచీ. మధ్యాహ్నం పన్నెండు నలభై. ఒక అక్క, ఒక తమ్ముడు.

“నీళ్ళు తర్వాత తాగుదువుగాని. ముందిది చెప్పు, అమ్మ ఏం తింది?”

“డాక్టరుకి చెప్పానక్కా.”

“నాకు చెప్పు.”

“అన్నం, సొరకాయ కూర, పెరుగు.”

“ఇంకా?”

“ఇంకేం లేదు. అమ్మ వంట నీకు తెలీదా? పూటకి ఒకటే కూర. ఏ కాలంలో కాసింది ఆ కాలంలోనే, కోసిన కాయ వాడకముందే. ఇంత ఉప్పు, ఇన్ని మిరియాలు, చెంచాడు నూనె.”

“ఆ వంట తినే పెరిగాన్రా, నాకు పాఠం చెప్పకు. తిన్న ఎంతసేపటికి మొదలైంది?”

“అరగంట. చెయ్యి కడుక్కుని కుర్చీలో కూచుంది. కడుపులో తిప్పుతోందిరా అంది. అంతే, వాంతులు ఇంక ఆగలేదు. ఆఖర్న నెత్తురు చార కూడా పడింది.”

“నెత్తురా? ఫోన్లో చెప్పలేదేం?”

“చెప్తే బండి నడుపుకుంటూ రాగలవా?”

“డాక్టరేమంటాడు?”

“బీపీ బాగా పడిపోయిందట. సెలైన్ పెట్టారు. దేనివల్లో తేలాలి అంటున్నాడు.”

“వండింది ఎవరు?”

“అమ్మే.”

“నీ పెళ్ళాం చెయ్యి పడలేదా?”

“తను పొద్దున్న ఎనిమిదిన్నరకే ఆఫీసుకి పోయింది.”

“డబ్బా పట్టుకుపోయిందా?”

“ఆఁ.”

“అదే కూరా?”

“అదే.”

“మరి కూచున్నావేంట్రా? ఒంటిగంటకి తింటుంది కదా! ఇంకా ఇరవై నిమిషాలే ఉంది. ఫోన్ చెయ్యి, తినొద్దని చెప్పు!”

“తినదులే.”

“తినదులే ఏమిటి?”

“తినదక్కా. నువ్వు కంగారుపడకు.”

“ఆగాగు. కూర డబ్బాలో పెట్టుకెళ్ళింది. కానీ తినదు. తినదని నీకు ముందే తెలుసు. అదే కూర తిన్న అమ్మ లోపల పడుంది. ఇది ఎవరికైనా చెప్తే ఏమనుకుంటారు?”

“ఏమనుకుంటారు?”

“నువ్వే చెప్పు.”

“అక్కా, ఇప్పుడు నా పెళ్ళాం మీద పడకు.”

“నేను ఎవరి పేరూ ఎత్తలేదు. గుమ్మడికాయ దొంగెవరంటే భుజాలు తడుముకుంటోంది నువ్వు.”

“సొరకాయ పేషెంటు తాలూకు ఎవరండీ?”

“మేమే సిస్టర్. ఎలా ఉంది మా అమ్మకి?”

“వాంతులు కాస్త తగ్గాయి. బీపీ ఇంకా పైకి రాలేదు. డాక్టరుగారు ఒక్కటే అడగమన్నారు. ఆ కాయ చేదుగా ఉందా?”

“చేదా?”

“అవునండీ. సొరకాయ ఒక్కోసారి చేదు కాస్తుంది. అది తింటే అచ్చం ఇలాగే అవుతుంది. పెద్దవయసు వాళ్ళకి ప్రాణం మీదికొస్తుంది.”

“చేదంటే… చేదే కదా సిస్టర్? నోటికి బాగుండదు, అంతేగా? ప్రాణం మీదికి రావడమేమిటి?”

“అది విషమే మేడమ్. ఉడికించినా పోదు. అందుకే అడుగుతున్నా. మీరు తిన్నారా సార్?”

“తిన్నాను. కొంచెం.”

“చేదుగా ఉందా?”

“అమ్మ… అమ్మేం అనలేదండీ.”

“అమ్మగారి సంగతి కాదు. మీకు?”

“నాకా? సరిగ్గా గుర్తులేదు.”

“గుర్తు చేసుకోండి. ఐదు నిమిషాల్లో మళ్ళీ వస్తా. కాయ ఎక్కడిదో కూడా కావాలి. అదే కాయ ఇంకెవరైనా కొని ఉంటే వాళ్ళకీ చెప్పాలి కదా.”

“అలాగే సిస్టర్… ఒరేయ్. ఇలా చూడు. రెండు గంటల క్రితం తిన్నది గుర్తులేదా?”

“వదిలెయ్ అక్కా.”

“ఎలా వదిలేస్తాను? అమ్మ సొరకాయ కోసినా దోసకాయ కోసినా మొదటి ముక్క పచ్చిదే నోట్లో వేసుకుంటుంది. చేదుంటే కాయంతా చెత్తబుట్టలోకే. ఆ ముక్క కోసమే కదా చిన్నప్పుడు మనిద్దరం జుట్లు పట్టుకుంది! ఇవాళ వేసుకోలేదా?”

“వేసుకుంది. నేను అక్కడే బూట్లకి పాలిష్ పెట్టుకుంటున్నా. చూశాను. నిదానంగా నమిలింది. నమిలి, తలూపింది.”

“అయితే కాయ చేదు కాదు. తమ్ముడూ.”

“ఊఁ.”

“ఎంత తిన్నావు?”

“కొంచెం.”

“కొంచెమంటే?”

“ఒక ముద్ద.”

“రెండో షిఫ్టుకి పోయేవాడివి, రాత్రి పదింటిదాకా మెషీను ముందు నిలబడేవాడివి, ఒక్క ముద్ద తిని లేచావా?”

“పెరుగన్నం తిన్నాను.”

“కూర ఎందుకు తినలేదు?”

“ఆకలి లేదు.”

“పెరుగన్నానికి ఆకలుంది, కూరకి లేదు!”

“చేదక్కా! చేదంటే మామూలు చేదు కాదు. నాలుక చుట్టుకుపోయింది. చెయ్యి కడుక్కునే వంకన పెరటి గుమ్మంలోకి పోయి జేబురుమాల్లో ఉమ్మేశాను. ఇదిగో, ఇంకా నా జేబులోనే ఉంది.”

“అమ్మకి చెప్పలేదా?”

“ఎలా ఉందిరా అని అడిగింది. బాగుందమ్మా అన్నాను.”

“బాగుందన్నావు.”

“బాగుందన్నాను. ఆవిడ మొహం చేటంతయింది. మళ్ళీ వడ్డించుకుంది. గిన్నెలో మిగిలిన కూర ఉడికిన నీళ్ళు కూడా కప్పులో పోసుకుని తాగేసింది. సారమంతా ఇందులోనే ఉంటుందిరా, పారబొయ్యకూడదు అంది.”

“ఒరేయ్, నోట్లోని విషం ఉమ్మేసొచ్చి, ఎదురుగా అమ్మ అదే తింటుంటే, చూస్తూ కూచున్నావా!”

“విషమని నాకేం తెలుసు? చేదనుకున్నా, అంతే. రోజూ అంతే కదా.”

“రోజూ ఏమిటి?”

“ఏం లేదు.”

“రోజూ అంతే అంటే ఏమిట్రా?”

“మెల్లిగా. అందరూ చూస్తున్నారు.”

“చూడనీ! చెప్పు.”

“అమ్మకి రుచి తెలీడం లేదక్కా. మూడు నెలలైంది. ఆ జ్వరం వచ్చి తగ్గింది చూడు, అప్పట్నుంచి. వాసనా లేదు, రుచీ లేదు. ఒకరోజు ఉప్పు రెండుసార్లు పడుతుంది, ఒకరోజు అసలు పడదు. పాలు విరిగినా తెలీదు. మేం కనిపెట్టేసరికి రెండు వారాలు పట్టింది.”

“అందుకే నీ పెళ్ళాం డబ్బా తినదు.”

“దారిలో కుక్కకి పెట్టేది. నెల్నుంచీ అదీ మూతిపెట్టడం లేదట. నువ్వు రాకముందే మెసేజ్ పెట్టాను. ఇవాళ్టి డబ్బా మూతకూడా తియ్యకుండా పారేసిందట. చాలా?”

“అమ్మకి తెలుసా, తనకి రుచి లేదని?”

“తెలీకుండా ఎలా ఉంటుంది? కానీ మూకుడు దించగానే గరిటె అంచు నాలిక్కి తాకించుకుంటుంది. ఆలోచిస్తుంది. ఇంకాస్త మిరియాలు పడాలి అంటుంది. ఆవిడ మాకోసం నటిస్తుంది, మేం ఆవిడకోసం నటిస్తాం. ఇల్లు బానే నడుస్తోంది.”

“బానే నడిచింది, అత్యవసర విభాగం దాకా.”

“అక్కా…”

“ఎన్నిసార్లు అడిగాన్రా నిన్ను? అమ్మ వంట ఎలా ఉందిరా, సరిగ్గా చేస్తోందా అని, వారం వారం అడిగానా లేదా? ప్రతిసారీ ఏమన్నావు?”

“బ్రహ్మాండం అన్నాను.”

“బ్రహ్మాండం! నీ పెళ్ళాం ఫోన్ తీసుకుని అత్తయ్యగారి చేతి వంటే వేరు వదినా అంది. నిజమే, వేరే! నాకప్పుడే అనుమానం. మొన్న మా ఇంటికొచ్చినప్పుడు టీలో పంచదార వెయ్యడం మర్చిపోయాను. బాగుందే అని మొత్తం తాగేసింది. అమ్మా, నీకు రుచి తెలుస్తోందా అంటే కసిరింది. నాకు వంట నేర్పకే అంది.”

“అందుకే నీకు చెప్పలేదు. చెప్తే ఏం చేస్తావో నాకు తెలుసు. ఆ రోజే వంటగదికి తాళం వేసి, ఆవిణ్ణి మీ ఇంటికి పట్టుకుపోతావు. పొద్దున్నే సంచీ పట్టుకుని బయల్దేరి, లేత కాయేదో ముదురేదో గోరుతో గిల్లి చూసుకుని తెచ్చుకోవడం… అది ఆపేస్తే అమ్మ నెల తిరక్కుండా మంచం పడుతుందక్కా.”

“ఇప్పుడు పడలేదా? సరే. ఏడవకు. మగాడివి, అందరిముందూ… సరేలే, ఏడువు. ముందీ సంగతి తేల్చాలి. కాయ ఆ తోపుడుబండివాడిదేనా?”

“ఏమో.”

“వాడిదే అయ్యుంటుంది. ఎక్కడెక్కడివో ఏరుకొచ్చి తాజా సరుకని అంటగడతాడు. నర్సు వచ్చినప్పుడు వాడి సంగతి చెప్పు.”

“వాడు రెండు వారాలుగా రావడం లేదు.”

“అయితే మార్కెట్లో కొని ఉంటుంది.”

“నిన్న మార్కెట్‌కి సెలవక్కా. పొద్దున్న అడిగితే, నిన్న తీగ మీంచి కోసిందిరా అని మాత్రం అంది.”

“మీ పక్కింటి పెద్దాయన? పెరట్లో ఏవేవో మందులు కొడుతుంటాడు…”

“ఆయనకి పూలమొక్కలు తప్ప ఇంకేం లేవు. నువ్వెందుకింత తొందరపడుతున్నావు?”

“తొందరేమిటి? ఎవరో ఒకరు తెలియాలి కదా. అయినా మెడ వంకర తిరిగిన ఆ బుడ్డ కాయలో కూర ఎంతవుతుంది గనక, రెండుసార్లు వడ్డించుకుందంటావు? నువ్వన్నా ఆపి ఉండాల్సింది.”

“ఏమన్నావు?”

“ఆపాల్సింది అన్నాను.”

“దానికి ముందు.”

“ఏమన్నాను?”

“మెడ వంకర తిరిగిందన్నావు. బుడ్డదన్నావు. నేను సొరకాయని చెప్పాను, అంతే.”

“సొరకాయలు అలాగే ఉంటాయి.”

“ఉండవక్కా. మూరెడు పొడుగుంటాయి, తిన్నగా. ఇది అలా లేదు. గుప్పెడు మెడ, పక్కకి తిరిగి ఉంది. అది చూసింది అమ్మ, నేను, నా పెళ్ళాం. ఇంకెవరు?”

“నువ్వే చెప్పుంటావు ఫోన్లో.”

“ఫోన్లో నేను వాంతులని, ఆసుపత్రి పేరు తప్ప ఏం చెప్పలేదు. ఇప్పుడు భుజాలు తడుముకుంటోంది ఎవరక్కా? నిన్న నేను షిఫ్టులో ఉన్నప్పుడు అమ్మ మీ ఇంటికొచ్చిందా?”

“వచ్చింది.”

“కాయ నువ్విచ్చావా?”

“ఇచ్చాను.”

“మరి ఇందాకట్నుంచి తోపుడుబండివాడు, పక్కింటాయన, నా పెళ్ళాం…”

“భయమేసిందిరా! నర్సు విషమనగానే ఎవరిమీదో తోసెయ్యాలనిపించింది. ఆ తీగ నేను పెట్టింది కూడా కాదు. ఎరువు కుప్పలో దానంతటదే మొలిచింది. పోయినేడు కంచెకి అందం కోసం పిచ్చి సొర తీగ పాకించాను కదా, దాని పుప్పొడి కలిసిన గింజేదో అయ్యుంటుంది. చూడ్డానికి ముచ్చటగా కాసింది. మొలిచిందాన్ని పీకెయ్యడం ఎందుకని ఉంచేశాను.”

“ఇంతేనా?”

“ఇంతే.”

“ముందే చెప్పి ఉంటే పోయేది కదా. నేనేమైనా నిన్ను ఉరి తీస్తానా? దానంతటదే మొలిచింది, దానంతటదే చేదు కాసింది. కాయలోకి దూరి చూశావా ఏమిటి? సరే, ఇంక నువ్వేడవకు. మనిద్దరం చెరో పక్కా ఏడిస్తే లోపలికెళ్ళి మాట్లాడేవాళ్ళు ఉండరు.”

“నువ్వు మంచివాడివిరా.”

“ఇంకా కాయలున్నాయా తీగకి?”

“లేవు. రెండే కాసింది.”

“ఒకటి అమ్మకిచ్చావు. రెండోది?”

“రెండోది… ఉంది. ఉండేది.”

“ఏం చేశావు? బావకి పెట్టావా? బావ ఎలా ఉన్నాడు? ఫోన్ చెయ్యి!”

“ఆయనకేం కాలేదు.”

“తిన్నాడా?”

“ఒక ముక్క.”

“ఎప్పుడు?”

“ఆదివారం.”

“అమ్మకి ఇచ్చింది నిన్న కదక్కా. నిన్న మంగళవారం. ఆదివారం బావ ఏమన్నాడు? అక్కా, బావ ముక్క నోట్లో పెట్టుకుని ఏమన్నాడు?”

“సార్, మేడమ్. మంచి కబురు. బీపీ కాస్త పైకొచ్చింది, కళ్ళు తెరిచారు. గండం గడిచినట్టేనన్నారు డాక్టరుగారు.”

“అమ్మయ్య! మాట్లాడుతోందా సిస్టర్?”

“మాట్లాడారు. మాట్లాడించొద్దన్నా వినరే! కాయ తానే మార్కెట్లో కొన్నానని, ఎవరిమీదా ఏమీ రాయొద్దని చెప్పారు. వండిందీ తానే, తిన్నదీ తానేనట. మా అమ్మాయి వస్తే దాన్నేం అడక్కండి, అది వట్టి పిరికిది అన్నారు. అలాగే రాసెయ్యనా? నిన్న మార్కెట్లో కొన్న కాయ, చేదని ఎవరికీ తెలీదు. అంతేగా సార్?”

“అంతే… అంతే సిస్టర్. ముందు ఈ జేబురుమాలు తీసుకోండి, డాక్టరుగారికి పనికొస్తుంది. ఏమక్కా, అంతేగా?”

“మేడమ్? మీరేమైనా చెప్తారా?”

“కొట్టెయ్యండి సిస్టర్, మార్కెట్ అన్నది కొట్టెయ్యండి. కాయ ఇచ్చింది నేను. ఆదివారం అలాంటిదే వండితే మా ఆయన థూ అని ఉమ్మేశాడు. రెండోది పారెయ్యకుండా దాచి, అమ్మ సంచీలో పెట్టాను. మొదటి ముక్కకే కనిపెడుతుందో లేదో చూద్దామని. లేకపోతే తినేటప్పుడు వీడైనా నిజం చెప్తాడని. నేనే సిస్టర్, చేదని తెలిసే ఇచ్చాను.”