ఒక చెవి బావి వైపు

కాయలు ఒలుస్తానే వినండి, చేతులు ఆపాల్సిన పనేం లేదు. మీరు అడిగింది సాయిబు బావి గురించే కదా? పేటకు పోయే పాతదారిలో, వంక దాటినాక ఎడమ పక్క ముళ్లకంప పెరిగి మెట్లు కూడా కనపడవే, అదే. గొర్లు కాసేవాళ్లు కూడా దాన్ని చుట్టేసుకుని పోతారు. ఏముంది అవ్వా ఆడ అంటే ఏం చెప్పేది, నాకు తెలిస్తే కదా? నాకు జరిగింది చెప్తా, అర్థం మీరే చెప్పండి.

ఖాసీం సాయిబు అని ఒకాయన జట్కా తోలేవాడు. ఆయనకు బిజిలీ అని ఎర్రటి ఆడగుర్రం. దాన్ని ఒక్కనాడు కొట్టింది లేదు, కేకేసింది లేదు. నాలుకతో టక్ టక్ అనేవాడు, రెండుసార్లంటే నడు అని, ఒక్కసారంటే నిలు అని. అది చెవులతో జవాబు చెప్పేది. చెవులు ముందుకు పెడితే తెలిసినవాళ్లు వస్తా ఉన్నట్టు, వెనక్కి వాలిస్తే కోపం, పక్కలకు జారేస్తే అలిసిపోయినట్టు. ఇంకో గుర్రం ఎదురైతే రెండూ ముక్కులు దగ్గర పెట్టుకుని ఊపిరి మార్చుకునేవి. అదే వాటికి బాగున్నావా అని అడగడం అని సాయిబు చెప్పేవాడు. ఆయనతో కూడా అట్లే చేసేది. మనిషి ముక్కుకు గుర్రం ముక్కు! నవ్వొద్దండి, నేను కళ్లారా చూసినా.

ఒక ఎండాకాలం దానికి నీళ్లు తెద్దామని సాయిబు ఆ బావిలోకి దిగినాడు, పాచి మెట్టు మీద జారినాడు, మళ్లా పైకి రాలే. ఆ గుర్రం బండితో సహా రెండు రోజులు ఆడనే నిలబడి సకిలిస్తా ఉంటే, ఆ సకిలింపు విని పోయినవాళ్లకు శవం దొరికింది. ఆ తర్వాత ఆయన పెండ్లాం బండినీ గుర్రాన్నీ మా మరిది ఓబులేసుకు ఇచ్చేసి పుట్టింటికి పోయింది.

ఓబులేసు మంచోడే గానీ గుర్రం భాష వానికి రాదు. వాడు హేయ్ అంటాడు, చెర్నాకోల ఝళిపిస్తాడు. అది నడిచేది, లేదనను, కానీ ఆ బావి కాడికి వస్తే మాత్రం ఆగేది. ఒక చెవి వీని వైపు, ఒక చెవి బావి వైపు. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఎవరి మాట వినాల్నో తెలీనట్టు నిలబడ్తాది వదినా అని వాడు నాతో చెప్పుకునేవాడు. కొంచేపు ఉండి, దానంతట అదే కదిలేది.

ఇంక నా సంగతి. తొలి కానుపు. నెలలు నిండకముందే ఒక మధ్యాన్నం నొప్పులు మొదలైనాయి. మా అత్త అప్పటికే పోయింది, మా ఆయనతో సహా ఊరంతా చేలల్లో శెనక్కాయ పెరుకుతా ఉన్నారు. ఇంటికాడ ఓబులేసు ఒక్కడే. చేలోకి కబురు చెప్పమని పక్కింటి ముసలామెకు చెప్పి, బండిలో గడ్డి వేసి, బొంత పరిచి, నన్ను పండుకోబెట్టి పేట ఆసుపత్రికి తోలినాడు. వంక దాటినాము. బావి వచ్చింది. బిజిలీ ఆగిపోయింది.

"ఈ పొద్దు వద్దే తల్లీ, నడువే!" అని బతిమిలాడినాడు, తిట్టినాడు, కొట్టినాడు. ఊహూ. రెండు చెవులూ బావి వైపే. సరే, కళ్లెం పట్టుకుని నడిపిద్దామని దిగి ముందుకు పోతే, అది చెవులు తలకు అతుక్కునేటట్టు వాల్చి, వాని భుజం కరిచి తోసేసింది. ఎన్నడూ ఎవర్నీ కరిచిన గుర్రం కాదది. వాడు దారి పక్కన పడినాడు, నేను కేకేసినా. అప్పుడది మెడ ముందుకు సాచింది. ఎదురుగా ఎవరూ లేరు. వట్టి గాలిలో ముక్కు పెట్టి ఊపిరి పీల్చింది, వదిలింది, మళ్లా పీల్చింది.

అప్పుడు వినపడింది నాకు. టక్ టక్.

బావిలోంచా, నా పక్కనుంచా? నొప్పుల్లో ఉన్నదాన్ని, ఏమని చెప్పేది? బండి కదిలింది. తోలేవాడు లేనప్పుడు పగ్గాలు వేలాడాల కదా? బిగుతుగా ఉన్నాయి. గుంత వచ్చిన చోటల్లా పక్కకు తప్పించుకుంటా, ఉయ్యాల్లో ఊపినట్టు పోయింది. ఆసుపత్రి గేటు కాడ ఒక్క టక్. నిలిచింది. పొద్దు గుంకకముందే మా సుంకమ్మ పుట్టింది. బండి తోలిన పెద్దాయన యాడికి పోయినాడమ్మా అని నర్సమ్మ అడిగింది. ఏ పెద్దాయన అంటే, ఇంతసేపు గుర్రం మెడ నిమురుతా ఉన్నాడే, ఆయనే అనింది.

సాయిబు మంచి దెయ్యం, అంతే కదా అవ్వా అంటారు మీరు. నేనూ అట్లే అనుకుంటి. తికమకంతా ఇప్పుడుంది.

దీపాలు పెట్టే వేళకు మా ఆయన కబురందుకుని పేటకు వస్తా ఉంటే, ఓబులేసు బావి కాడ కాపలా కాసేవాని మాదిరి కూర్చుని ఉన్నాడంట. బండేదిరా అంటే, ఇప్పటిదాకా నా ముందరే ఉంది కదన్నా, నీ అలికిడికి అట్ల కదిలింది అన్నాడంట. వదిన బండిలోనే ఉంది, మనుషుల్ని పిల్చుకొస్తానంటే వదిలిపెట్టి పోవద్దనింది, దప్పిక అంటే బావిలోకి దిగి రెండుసార్లు నీళ్లు తెచ్చి తాపినా అన్నాడంట. వాని పంచె మోకాళ్ల దాకా తడిసే ఉండిందంట.

నేను చూస్తే ఆసుపత్రిలో, బిడ్డ నా పక్కలో. మరి వాడు నీళ్లు తాపింది ఎవరికి? నేనే అడిగినా. వాడు నా ముఖం చానాసేపు చూసి, "నీకే వదినా. నీ గొంతే. ఈ గాజులే" అన్నాడు. ఇంకేమనింది రా అంటే మాత్రం నోరు తెరవలే. చచ్చేదాకా తెరవలే. జట్కా తోలడం మానేసినాడు. మా ఇంటికి వస్తే గడప బయటే నిలబడి, వదినా, నువ్వేనా అని అడిగి, నేను ఊఁ అన్నాకనే లోపలికి వచ్చేవాడు.

గుర్రం ఏం చేసిందంటారా? వాడు గడ్డి వేయబోతే, వాని చేతిని వాసన చూసి, బుస్సుమని గోడకు తగిలేదాకా వెనక్కి పోయింది. ఎంత పిలిచినా వాని దగ్గరికి రాలే. నేను బిడ్డతో ఇంటికి వచ్చినాక నా కాడికి వచ్చి, నా ముక్కు దగ్గర ముక్కు పెట్టి ఊపిరి వదిలింది. ఏమైతే అది కానీ అని నేనూ ఊపిరి వదిలినా. కొంచేపు ఆలోచన చేసింది, నిజ్జంగా చేసింది, ఆ తర్వాత చెవులు రెండూ ముందుకు పెట్టింది. నేను నేనే అని నాకున్న సాక్ష్యం అదొక్కటే.

ఆ దారిన పోవద్దండి. పోక తప్పకపోతే, ఆడ ఎవరన్నా నీళ్లు అడిగితే ఇయ్యొద్దండి, నా గొంతుతో అడిగినా సరే. మోకాళ్ల నొప్పులతో ఈ గడపే దాటలేనిదాన్ని, నేను అంతదూరం వస్తానా?