చాలంటే వినని ఆదెమ్మ

వాగుబాటన పోతావుంటే ఎడంచేతి పక్క, కూలిన మొండిగోడల కాడ, గిలక ఉండి చేద లేని బావి ఒకటుంది చూశారా? చూసే ఉంటారు, దూరం నించి. దగ్గరికి పోయినోళ్లు మీలో ఒక్కరూ ఉండరని నాకు తెలుసు. పొద్దు నడినెత్తికొచ్చిందంటే గొర్లకాపర్లు కూడా చేలకడ్డంపడి ముళ్లు తొక్కుకుంటా పోతారుగానీ ఆ బాటన పోరు. అదే ఆదెమ్మ బావి. ఏందే, చేతులు ఆగినియ్యి? తొడిమెలు తీస్తానే వినండి, మిరపకాయలు వాటంతటవి ఒలుచుకోవు. ఆ చేత్తో కళ్లు మాత్రం నలుపుకోబాకండి, నా కథకి ఏడిచారని మీ అమ్మలు నామీదికొస్తారు.

అన్ని దెయ్యాలూ రాత్రిపూట తిరుగుతాయని ఎవరు చెప్పారు మీకు? ఈమె మిట్టమధ్యాహ్నం మనిషి. అన్నాలవేళ మనిషి. బతికున్నప్పుడూ అంతే, పోయినాకా అంతే.

ఆదెమ్మంటే ఎవరనుకున్నారు? కాపురానికొచ్చిన కొన్నాళ్లకే మొగుడు పోయాడు, పిల్లల్లేరు, కాస్త మెట్టచేను, ఒక బర్రె, ఆ బావి, అంతే ఆమె ఆస్తి. అయినా ఆ బాటన ఆకలితో పోయిన మనిషి లేడు. ఆమెకో అలవాటు. అన్నం వండి దించినాక, తాను తినబోయే ముందర బయటికొచ్చి, నొసటికి చెయ్యడ్డం పెట్టుకుని బాటని ఇటు చూసి అటు చూసి, ఎవరు కనపడితే వాళ్లని, ఎవరయ్యా పోయేది, అన్నం తిని పో, అని కేకేసేది. తింటావా అని ఏనాడూ అడిగేది కాదు. అట్టా అడగటమంటే వద్దను నాయనా అని చెప్పటమే అనేది. ముందు విస్తరేసి, పక్కన చెంబుతో నీళ్లు పెట్టి, ఆ తర్వాత పిలిచేది. ఇంగ ఎవరు కాదంటారు? ఉప్పు బండోళ్లు, ఈతచాపలమ్మేవాళ్లు, కూతురింటికి నడిచిపోయే ముసలోళ్లు, అందరూ ఆ వసారాలో చెయ్యి కడిగినోళ్లే. ఎవరో ఒకరు తిన్నాకనే తాను తినేది. ఎవరూ దొరకని రోజు పస్తు, పొద్దుగూకినాక ఇంత మజ్జిగ తాగి పడుకునేది. పిచ్చి గదా? పిచ్చే మరి. అట్టాంటి పిచ్చోళ్లు నలుగురున్నా మనూరు ఇంకోరకంగా ఉండేది.

ఆమెకొక నేస్తం ఉండేది, గాజుల హుసేనమ్మ. వాగవతల ఊరిది, నెత్తిన మలారం, అదే గాజుల మూట, పెట్టుకుని ఊరూరూ తిరిగేది. ఈ కథంతా నేను ఆమె నోటనే విన్నా, కాబట్టి అబద్ధమైతే ఆమెనే అడుక్కోండి. మొదటిసారి ఆ బాటన పోతావుంటే ఇంటిముందు బోడిచేతుల ఆడమనిషి కనపడిందంట, గాజులు తొడిగించుకోని ఇంటికాడ మనకేం పనిలే అని తలొంచుకుని పోతంటే ఆదెమ్మ కేకేసిందంట, ఏమ్మా, గాజులు కొనేవాళ్లకే ఆకలైద్దా, నీకు కాదా, అని. ఇంగ అంతే. ఆనాటి నించి ఈ దిక్కుకొచ్చిన రోజల్లా హుసేనమ్మ మధ్యాహ్నం కూడు అక్కడే. వసారాలో కాదు, నట్టింట్లో, పొయ్యి పక్కన. సాయిబులామెని లోపల కూర్చోబెడతావా అని ఎవరో అంటే, ఆకలికి వాకిలొకటి నట్టిల్లొకటి ఉంటయ్యా అని ఆదెమ్మ ఊరుకుందంట. ఆమె కొనేది లేదు, ఈమె అమ్మేది లేదు, అయినా ఇద్దరూ పొద్దువాలేదాకా ఏం మాట్లాడుకునేవాళ్లో ఆ పొయ్యికే తెలియాల. ఒకసారి హుసేనమ్మ మలారం విప్పి పచ్చగాజులు తుడుస్తా ఉంటే ఆదెమ్మ ఒక్క గాజు తీసుకుని వేళ్లదాకా ఎక్కించి, నవ్వి, మళ్లీ తీసి పెట్టేసిందంట. తొడగనా అక్కా అంటే, వద్దులేవే, చూసేవాళ్లు చూడనియ్యరు, అందంట. హుసేనమ్మ బలవంతం చెయ్యలేదు.

ఆ తర్వాత ఏమైందంటే, హుసేనమ్మ బిడ్డకి పురుడొచ్చి ఆ ఏడంతా ఇటు రాలా. ఇక్కడేమో ఎండాకాలం, ఎవరో బాటసారికి నీళ్లు తోడతా ఆదెమ్మ గిలక కాడ కూలబడి ప్రాణం ఒదిలేసింది. చేదతాడు మాత్రం ఒదల్లేదంట, వేళ్లు విడదీయాల్సొచ్చిందంట. ఊరంతా కలిసి సాగనంపారు, ఏడిచారు, అదంతా బానే ఉంది. నాలుగునాళ్లు పోయినాక, మధ్యాహ్నంపూట కట్టెలమోపు మోసుకొస్తా ఉన్న ఒకడికి ఆ ఇంటి కాణ్ణించి, ఎవరయ్యా పోయేది, అన్నం తిని పో, అని కేక వినపడింది. వాడు మోపు ఆడ పారేసి ఊళ్లోదాకా ఒకటే పరుగు, రాత్రికి జొరం. ఆ ఎండలో అట్టా పరిగెత్తితే జొరం రాక ఏమొచ్చిద్ది? కానీ ఊరికి అది చాలు. ఇంగ రోజుకొకరికి వినపడటం, రోజుకొకరు పరిగెత్తటం. నిన్నటిదాకా ఆదెమ్మ తల్లి, ఆదెమ్మ అక్క అన్న నోళ్లే ఆదెమ్మ దెయ్యం అన్నయ్యి.

ఆమె మరిది వెంకటాద్రి, అదే మొగుడి తమ్ముడు, ఊరి పెద్దల్ని కూడగట్టి కొండల దిక్కు నించి సాంబయ్యనే మంత్రగాణ్ణి ఒకణ్ణి పిలిపించాడు. ఆయనొచ్చి బావి చుట్టూ తిరిగి, గిలక గుంజకి ఇనపమేకు దిగ్గొడితే మనిషి అందులో బిగుసుకుంటది, మళ్లీ నోరు లేవదు అన్నాడు. అయితే ఒక షరతు. ఆమె ఉప్పు తిన్న చెయ్యి కొడితే మేకు నిలవదు, తిననోళ్లెవరన్నా కొట్టాల అన్నాడు. ఊరు ఊరంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరున్నారు తిననోళ్లు? వెంకటాద్రి కూడా చేతులు వెనక్కి పెట్టుకున్నాడంట. ఆఖరికి సాంబయ్య, సరే, నేను మీ ఊరివాణ్ణి కాదుగదా, నేనే కొడతాలే, అన్నాడు. ఆ పనికి ఉపాసం ఉండాలంట, ముందురోజు నించి పచ్చి మంచినీళ్లు ముట్టలా ఆయన.

సరిగ్గా మేకు కొట్టే మధ్యాహ్నమే, ఏమీ తెలియని హుసేనమ్మ మలారం నెత్తిన పెట్టుకుని ఆ బాటన దిగింది. దూరం నించి బావికాడ జనం కనపడితే, అక్క ఇయ్యాల ఊరందరికీ పెడతన్నట్టుంది అనుకుని, గబగబా అడుగులేసిందంట. చూశారా ఆ తల్లి ఏమనుకుందో. దగ్గరికొచ్చినాక ఎవరో చెప్పారు, ఆదెమ్మ పోయింది, పోయి దెయ్యమైంది, ఇదిగో బిగించేస్తన్నాం అని. హుసేనమ్మ బాటమీదే చతికిలపడింది. ఏడిచింది. మనిషి పోయినందుకు ఏడిచింది, కడసారి చూపు దక్కనందుకు ఏడిచింది, తనకెవరూ కబురు పెట్టనందుకు ఏడిచింది. ఏడిచి ఏడిచి, కొంగుతో మొహం తుడుచుకుని లేచి, ఇంతకీ ఏమంటదంట ఆ దెయ్యం, అని అడిగింది.

అన్నం తిని పొమ్మంటది, అన్నారు.

మీరేం చేశారు?

పరిగెత్తాం, అన్నారు.

అప్పుడు చూడండి ఆ గాజులామెకి వచ్చిన కోపం. ఒరే, ఎవరో ఒకరు తింటేగానీ ఆమె తినదని మీకు తెలియదా, అందంట. తెలిసి తెలిసి అందరూ పరిగెత్తితే ఇన్నాళ్లనించీ ఆమె పస్తుంటన్నట్టా కాదా? మీ అందరి కడుపులు నింపిన మనిషిని కడుపు మాడ్చి, ఇప్పుడు గుంజకి మేకేసి కొడతారా? దెయ్యం ఆమె అయిందా మీరయ్యారా? వెంకటాద్రి, మా ఇంటి సంగతి నీకెందుకు హుసేనమ్మా, బయటిదానివి, అని గొణిగాడు. బయటిదాన్నే, అయినా మీ వదిన నట్టింట్లో కూర్చుని తిన్నా, నువ్వు వసారా దాటావా ఏనాడన్నా, అందామె.

ఇంగ మలారం దించింది. పొద్దున గాజులకి బదులు ఎవరో పోసిన నూకలు కొంగున మూటగట్టి ఉన్నయ్యి. ఊరిమొదటి ఇంటికి పోయి అడగాపెట్టకుండా కుండా చెంబూ చేదా తాడూ లాక్కొచ్చి, ఆ బావిలోనే నీళ్లు తోడి, ఆదెమ్మ వాకిట్లోనే మూడు రాళ్లు పెట్టి, ఎసరు పడేసింది. సాంబయ్య చూసి చూసి, అమ్మా, దెయ్యం పిలిచిన చోట అన్నం తిన్న మనిషి పొద్దుగూకేలోపల చచ్చిద్ది అన్నాడు. హుసేనమ్మ పొయ్యి ఊదతా ఊదతా, చస్తే చస్తాలే స్వామీ, ఆకలితో మాత్రం చావను, అంది.

అన్నం ఉడికింది. కంచెలో మోదుగాకులు కోసుకొచ్చి విస్తరేసుకుని ఒంటరిగా కూర్చుంది. కూర లేదు, చారు లేదు, ఉప్పుగల్లు ఒకటి. మొదటి ముద్ద పట్టుకుని, ఆదెమ్మ ఇంటి మూసిన తలుపుల వంక చూసి, అక్కా, తింటన్నా, అంది గట్టిగా, ఊరందరికీ వినపడేటట్టు. తినింది. జనం నూతిగట్టు అవతల గుంపుగా నిలబడి ఈమె ఎప్పుడు పడిపోయిద్దా అని చూస్తన్నారు. ఆమె పడిపోలా. విస్తరి ఖాళీ అవతా వచ్చింది, ఆమె తల పక్కకి తిప్పి కొంగుతో చెమట తుడుచుకుని మళ్లీ చూసేసరికి విస్తట్లో అన్నం. సరేలే, సరిగా చూడలేదనుకుని అదీ తినింది. మళ్లీ అన్నం.

విందుల్లో వడ్డించేవాళ్లు వినకపోతే మనమేం చేస్తాం? రెండు చేతులూ విస్తరి మీద అడ్డం పెడతాం గదా. ఆమే అదే చేసింది. రెండు చేతులూ అడ్డంపెట్టి, చాలక్కా, ఇంగ చాలు, అంది. చాలంటే ఆదెమ్మ ఎప్పుడు వినింది గనక? అందరూ చూస్తావుండగానే హుసేనమ్మ చేతులమీద చల్లగా మజ్జిగ పడింది. ఎవరూ లేరు పైన. చెంబు లేదు, గరిటె లేదు. ఆ చేతులమీద నించి, వేళ్ల సందుల్లోంచి, మజ్జిగ కారి విస్తట్లోకి దిగతా ఉంది. ఊరు ఊరంతా చూసింది అది. ఎవరూ పరిగెత్తలా ఈసారి. కాళ్లు ఆడలేదో, సిగ్గేసిందో, నాకు తెలియదు.

సాంబయ్యకి మాత్రం పంతమొచ్చింది. ఆయన పని ఆయనది మరి. సుత్తీ మేకూ తీసుకుని గిలక గుంజ కాడికి పోయాడు. మేకు ఆనించాడు. సుత్తి ఎత్తాడు. మూసిన తలుపుల వెనకాల నించి గొంతు వచ్చింది, కోపంగా కాదు, ఏడుపుగా కాదు, మామూలుగా, పొయ్యి కాణ్ణించి పిలిచినట్టు.

ముందు అన్నం తిను నాయనా, తర్వాత కొట్టుకుందువుగాని.

చెప్పండి, మీరైతే ఏం చేస్తారు? ముందురోజు నించి పస్తున్న మనిషి ఆయన. తనని బిగించటానికి వచ్చినోడి ఆకలి కనిపెట్టిన మనిషి ఆమె. సుత్తి దించేశాడు. హుసేనమ్మ ఇంకో విస్తరేసింది, చెంబుతో నీళ్లు పెట్టింది. ఆయనొచ్చి కూర్చుని తలొంచుకుని తిన్నాడు, ఆయన చాలన్నా వినలేదంట పైనించి వడ్డించే చెయ్యి. తిని, చెయ్యి కడుక్కుని, వెంకటాద్రి వంక చూసి, నా చెయ్యి కూడా ఇంగ పనికిరాదయ్యా, అని మేకు మూటలో వేసుకుని కొండల దిక్కుకి పోయాడు. అట్టా ఆయన కూడా ఆమె ఉప్పు తిన్నాక, ఆ బావికి మేకు కొట్టగలిగినోడు ఈ చుట్టుపక్కల ఒక్కడు మిగల్లా.

అప్పుడు లోపల పీట లాక్కున్న చప్పుడైంది. ఎవరో కూర్చున్న చప్పుడు. ఇన్నాళ్లకి ఆదెమ్మ అన్నానికి కూర్చుంది.

హుసేనమ్మ ఆ చప్పుడు ఆగేదాకా కూర్చునే ఉంది. ఆ తర్వాత మలారం విప్పి, పచ్చగాజులు ఏరి ఏరి డజను తీసి, అందరూ చూస్తావుండగా తలుపు కాడ గడపమీద పెట్టింది. వెంకటాద్రి, మొగుడు పోయినామెకి గాజులేంది హుసేనమ్మా, అననే అన్నాడు. ఆమె అతని వంక చూడను కూడా చూడలా. తలుపుతోనే మాట్లాడింది. నేను చాలంటే నువ్వు ఏనాడన్నా విన్నావా అక్కా, ఇప్పుడు నువ్వు వద్దంటే నేనెందుకు వింటా, అంది. అని మలారం నెత్తికెత్తుకుని పోయింది. మర్నాడు చూస్తే గడపమీద గాజుల్లేవు. ఎవరు తీసుకున్నారని నన్నడగబాకండి. ఎవరన్నా పిల్ల తీసుకుని ఉంటే ఈపాటికి ఊళ్లో కనపడి ఉండేవి.

ఇదే కథ. దెయ్యమని మాత్రం నా ముందర అనబాకండి, అన్నోడికి ఈ ఇంట్లో మంచినీళ్లు కూడా పుట్టవు. మిగతాది మీ ఇష్టం. నేను చెప్పేది చెప్తన్నా, మధ్యాహ్నంపూట ఆ బావి దిక్కు పోబాకండి. పోతే మాత్రం, తిని రండి.