దర్జీ అడిగిన మాటలు

ఒకప్పటి టైర్ల గోడౌను. ఆదివారం మధ్యాహ్నం. పాడేవాడు, గిటారు వాయించే అతని భార్య, డ్రమ్స్ కొట్టే ఆమె తమ్ముడు.

"మళ్ళీ మొదటి నుంచి."

"నా వల్ల కాదు బావా."

"ఏం కాదు?"

"ఇలా కొట్టడం. పసిపిల్లని జోకొడుతున్నట్టుంది. డబ్... డబ్... డబ్. పాట మధ్యలో నేనే నిద్రపోయేలా ఉన్నాను."

"నిద్రపోకుండా కొట్టు."

"అక్కా, నువ్వైనా చెప్పు. తొమ్మిదేళ్ళుగా ఈ పాట రెండు నిమిషాల్లో అయిపోయేది. ఇప్పుడు ఐదు నిమిషాలట! మనలా అరిచే పంక్ బ్యాండువాళ్ళు ఐదు నిమిషాల పాట పాడితే జనం చెప్పులు విసురుతారు."

"నన్ను లాగకు తమ్ముడూ. నేను తీగ సరిచేసుకుంటున్నాను."

"అరగంట నుంచి అదే తీగ సరిచేస్తున్నావు."

"తెగేలా ఉంది మరి."

"తెగేది తీగ కాదులే."

"ఏమన్నావురా?"

"ఏం లేదు బావా. అయినా నాకు అర్థమైందిలే. ఆ రికార్డింగు కంపెనీ ఆయన..."

"ఆయన ఊసు ఇప్పుడెందుకు?"

"ఎందుకేమిటి? రెండేళ్ళ కిందట ఏమన్నాడు? మీలో దమ్ముంది, కాస్త రాగం కలిపితే ఇళ్ళల్లో ఆడవాళ్ళు కూడా వింటారు అన్నాడు."

"నేను ఆడదాన్నేగా. తొమ్మిదేళ్ళుగా వింటూనే ఉన్నాను."

"నువ్వుండక్కా. అప్పుడు ఈ బావ ఏం చేశాడు? ఆయన టీ కప్పులోనే సిగరెట్టు ఆర్పేసి లేచొచ్చాడు. నెల్లాళ్ళు గొప్పగా చెప్పుకున్నాం. ఇప్పుడు చూస్తే అదే రాగం!"

"ఆయనతో నేను మాట్లాడలేదు."

"ఒట్టు?"

"మీ అక్క మీద ఒట్టు."

"నా మీదెందుకు? నీ మీద నువ్వే వేసుకో బొంగురుగొంతూ."

"సరే, నా మీదే ఒట్టు. కంపెనీ లేదు, ఏమీ లేదు."

"మరింకేమిటి? గొంతు పాడైందా? డాక్టరేమన్నా అన్నాడా?"

"గొంతు బానే ఉంది."

"అయితే అరవవేం బావా! మనం అరుస్తాం, మన పనే అది. నువ్వు లేతు మిషను దగ్గర పొద్దున్నుంచి సాయంత్రం దాకా నోరెత్తవు. నేను కార్ల సొట్టలు తీస్తాను, ఓనరు ఎన్ని తిట్టినా తలెత్తను. అక్క ఫ్యాక్టరీలో కాలర్లు కుడుతుంది, పొద్దస్తమానం కాలర్లే, చొక్కా మొత్తం ఎలా ఉంటుందో కూడా చూడదు. ఇక్కడికొచ్చి అరిస్తేనే కదా సోమవారం మళ్ళీ పనికి వెళ్ళగలిగేది? ఈ మాట నీదే."

"నాదే."

"మరి?"

"ఇప్పుడు అరవలేకపోతున్నాను."

"ఆ అమ్మాయి గురించేనా?"

"మొదటి నుంచి వాయిద్దాం, పట్టు."

"అడిగినదానికి చెప్పు బావా. ఆ అమ్మాయి గురించేనా?"

"తమ్ముడూ, ఇక చాలు."

"ఏడు వారాలుగా చాలు చాలనే అంటున్నాం అక్కా. ముగ్గురం ఒక్కసారైనా నోరు విప్పామా? ఎర్రరంగు జుట్టు. ప్రతి షోకీ వచ్చేది, ముందు వరుసే. ఆఖరి పాటలో తోపులాట అయింది, కింద పడింది, మళ్ళీ లేవలేదు. నాకు మాత్రం బాధ లేదా? కానీ పోలీసుల విచారణ అయిపోయింది. రాసిచ్చారు కూడా. పొగ, చీకటి, ఎదురుగా లైట్లు, స్టేజీ మీదున్నవాళ్ళకి కనిపించే అవకాశం లేదు, అని."

"కాగితం బాగానే కంఠతా పట్టావే."

"సంతకం పెట్టానుగా. చదవకుండా పెడతానా?"

"నేను వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్ళానురా."

"ఎవరి నాన్న?"

"ఆ అమ్మాయి నాన్న. దర్జీ ఆయన. కొట్టుకి వెళ్ళాను."

"ఎప్పుడు?"

"నాలుగు ఆదివారాలుగా వెళ్తున్నాను."

"అక్కా, నీకు తెలుసా?"

"మొదటిసారి నాకూ చెప్పలేదు. చొక్కాకి కొత్త గుండీ కుట్టించుకుని ఇంటికొచ్చాడు. రోజుకి రెండొందల కాలర్లు కుట్టే పెళ్ళాన్ని ఇంట్లో పెట్టుకుని, గుండీ కోసం దర్జీ దగ్గరికి వెళ్ళేవాడెవడైనా ఉంటాడా? గట్టిగా అడిగితే అప్పుడు చెప్పాడు."

"ఏమన్నాడు ఆయన? తిట్టాడా? కొట్టాడా?"

"కొడితే బాగుండేది. స్టూలు వేసి కూర్చోమన్నాడు. నేనెవరో చెప్పాను. నా చొక్కా వంక చూశాడు. తర్వాత, గుండీ ఊడిపోయిందే, విప్పు అన్నాడు."

"గుండీయా?"

"ఆయనకీ చేతులకి ఏదో పని కావాలి కదా. బనీనుతో కూర్చున్నాను. సూదిలో దారం ఎక్కిస్తూ అడిగాడు. ఆఖరున మా పిల్ల విన్న పాట ఫోనులో ఎవరో పంపించారు బాబూ, పదిసార్లు పెట్టుకున్నాను, ఒక్క ముక్క తెలియలేదు, ఆ మాటలేమిటో కాస్త నిదానంగా చెప్తావా అని."

"చెప్పావా?"

"చెప్పబోతే రాలేదురా. తొమ్మిదేళ్ళుగా అరిచిన మాటలే. మామూలుగా చెప్పమంటే నోట్లోనే అడ్డం పడ్డాయి. చివరికి మెల్లగా పాడాను. చుట్టూ కత్తిరించిన గుడ్డముక్కలు, గోడకి ఎవరివో పెళ్ళిబట్టలు. మీ అక్క రాసిన ఆ ముక్క ఉంది చూడు, 'మా గదికి కిటికీ లేదు, గోడనే తెరుచుకుంటాం', అక్కడ ఆపి మళ్ళీ అనమన్నాడు. మూడుసార్లు అనిపించుకున్నాడు. కొలతలు రాసుకునే పుస్తకంలో రాసుకున్నాడు."

"ఆ ముక్క రాసినప్పుడు స్టవ్వు మీద పాలు పొంగిపోయాయి. అది తప్ప నాకింకేం గుర్తులేదు."

"అప్పుడు తెలిసింది నాకు, దీనికి ఒక రాగం ఉందని. ఇన్నేళ్ళూ మనమే దాని పీక నొక్కి పట్టుకున్నామని. ఇంకెవరి కోసమూ కాదురా ఈ ఐదు నిమిషాలు. ఆయనకి తెలియాలి, అంతే."

"సరే. తెలిసిందిగా. రాసుకున్నాడుగా. ఇక స్టేజీ మీద మామూలుగానే వాయిద్దాం."

"ఎల్లుండి షోకి ఆయన వస్తానన్నాడు."

"ఎవరు?"

"దర్జీ."

"వద్దని చెప్పు."

"ఎలా చెప్తాను?"

"నోటితో చెప్పు! పిచ్చా ఆయనకి? నీకు పిచ్చా? కూతురు పోయిన చోటికి తండ్రిని పిలుస్తావా?"

"ఆ హాలు కాదు కదా ఇది."

"ఏ హాలైతేనేం? అదే పాట, అదే మనం!"

"ముందు వరుసలో నిలబడతాడట. మా పిల్ల ఎప్పుడూ ఎక్కడ నిలబడేదో చూపించు బాబూ, అక్కడే నిలబడి వింటాను అన్నాడు."

"అయితే నేను రాను."

"ఒరేయ్..."

"రానంటే రాను. ఇంకెవరినైనా పెట్టుకోండి. ఈ జోకొట్టుడికి నేనెందుకు, గోడగడియారం చాలు."

"తమ్ముడూ, మొహం అలా పీక్కుపోయిందేం?"

"లేదే."

"ఆ కర్రలు కింద పెట్టు. ఇటు చూడు."

"పొద్దున్నుంచి ఏం తినలేదక్కా, అంతే."

"ఈ ఏడు వారాల్లో తిన్నదెప్పుడు? అమ్మ రోజూ ఫోన్ చేసి ఏడుస్తోంది. కంచంలో చెయ్యి పెట్టి అలాగే కూర్చుంటున్నావట."

"అమ్మకి అన్నీ గోరంతలు కొండంతలే."

"ఒకటి అడుగుతాను. ఆ దర్జీకి పంపిన వీడియో నేనూ చూశాను. ఆఖరి చరణంలో నువ్వు స్పీడు పెంచేశావు. నా వేళ్ళు అందుకోలేకపోయాయి. స్టేజీ మీదే తిట్టుకున్నాను, వీడికేమొచ్చింది ఇవాళ అని."

"ఊపులో పెరుగుతుంది. ఎప్పుడూ పెరిగేదే."

"అలా ఎప్పుడూ పెరగలేదు."

"అక్కా, వదిలెయ్."

"నువ్వు పెంచేసరికి జనం కూడా రెచ్చిపోయారు. వెనకున్నవాళ్ళంతా ముందుకి..."

"వదిలెయ్యమన్నానా!"

"అక్క మీద అరవకురా."

"నువ్వు మాట్లాడకు బావా. నువ్వసలు మాట్లాడకు. బనీనేసుకుని పాడుకున్నావు, ఏడ్చుకున్నావు, బరువు దింపుకుని వచ్చావు. అదృష్టవంతుడివి. లైట్లన్నీ నీ కళ్ళల్లోనే. నీకేం కనపడలేదు."

"నీకు?"

"మొదటి నుంచి వాయిద్దాం బావా, పట్టు."

"తమ్ముడూ, నీకు?"

"డ్రమ్స్ ఎత్తు మీద పెడతారు కదక్కా. మీ ఇద్దరి తలల మీదుగా కనపడుతుంది. లైట్లు నా దాకా రావు."

"ఏం కనపడింది?"

"ఆ ఎర్రజుట్టు కిందకి పోయింది. మళ్ళీ పైకొచ్చింది. చెయ్యెత్తింది. పాటకి ఎత్తే చెయ్యి కాదక్కా. అది తెలిసిపోతుంది. నా వంకే చూసింది."

"మరి విచారణలో..."

"కనపడలేదని సంతకం పెట్టాను."

"ఎందుకు ఆపలేదురా? ఆ కర్రలు పారేస్తే చాలు కదా, పాట అక్కడికక్కడే ఆగిపోయేది!"

"కిందటేడు ఆపాను బావా. గుర్తుందా? ఎవరో పడ్డారనుకున్నాను. పడలేదు, వాడు వంగి చెప్పు వెతుక్కుంటున్నాడు. నువ్వు మైకులో ఏమన్నావు? మా బామ్మర్దికి ఆయాసమొచ్చింది, ఎవరైనా గ్లూకోజు పట్టండి అన్నావు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను."

"నేనేదో... సరదాకి అన్నానురా."

"తెలుసు. తప్పు నీదని అనట్లేదు. ఈసారీ అలాగే అవుతుందేమో అనుకున్నాను. పాట ఇంకో అరనిమిషమే ఉంది. ఆపడమెందుకు, అరనిమిషమే కదా అనుకున్నాను."

"అనుకుని? ఏం చేశావు తమ్ముడూ?"

"తొందరగా అయిపోతే ఆమెని లేపుతారు కదా అని, స్పీడు పెంచాను."