పొయ్యి వెలిగించని వంట

మధ్యాహ్నం. వంటింట్లో అక్కాచెల్లెళ్లు.

“ఆ కిటికీ తెరవ్వే, ఉడికిపోతున్నాను.”

“వద్దక్కా, దుమ్ము. నువ్వు కీరా తురుము.”

“ఎప్పుడో తురిమాను. ఉప్పు కలిపి పక్కన పెట్టా. నీరు తేలాక గట్టిగా పిండి పెరుగులో వెయ్యి. లేకపోతే మజ్జిగవుతుంది.”

“తెలుసులే.”

“నీకు తెలీనిదేముంది. అక్క భోజనానికొస్తే పచ్చిముక్కలూ పెరుగూ పెడుతోంది మహాతల్లి. కాస్త జీలకర్రన్నా వేయించి చల్లు.”

“పొయ్యి వెలిగించను.”

“గ్యాస్ అయిపోయిందా?”

“లేదు. నిండు సిలిండరు. పొద్దున్నే మార్చాం.”

“మరి?”

“వెలిగించనంతే. ఇది పచ్చిదే బాగుంటుంది. క్యారెట్ ఇటివ్వు.”

“చెయ్యి చూపించు.”

“క్యారెట్ ఇవ్వమంటే...”

“మోచేతి పైన ఏంటది?”

“తలుపు తగిలింది.”

“పోయిన నెలా తలుపే తగిలింది. మీ ఇంట్లో తలుపులకి చేతులున్నాయా?”

“ఉల్లిపాయ సన్నగా తరుగు. లావుగా ఉంటే పంటికింద పడుతుంది.”

“మాట మార్చకు. మీ బావతో చెప్తాను. ఆయనొచ్చి నాలుగు మాటలు అడిగితే మీ ఆయన దారికొస్తాడు.”

“వద్దు. బావని ఇందులోకి లాగకు.”

“ఏం? పరాయివాడా?”

“కాదు కాబట్టే. చిన్నప్పుడు జ్వరమొస్తే నన్ను భుజాన వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తిన మనిషి. ఈ సంబంధం వద్దని చెప్పింది కూడా ఆయనొక్కడే. ఆ మనిషి ఈ గుమ్మంలో నిలబడి మాటలు పడడం నేను చూడలేను. నీ నోట్లో నువ్వుగింజ నానదు. ఒట్టెయ్యి.”

“సరేలే.”

“సరేలే కాదు. ఒట్టు.”

“కొత్తిమీర ఎక్కడ పెట్టావే?”

“నీ ముందే ఉంది.”

“ఆఁ. ఇదిగో, కలుపు. మరీ గిలక్కొట్టకు, పెరుగు జారైపోతుంది.”

“రుచి చూడు.”

“ఉప్పు సరిపోయింది. పచ్చిమిరపకాయ ఒకటి ఎక్కువైంది. అయినా కడుపులో చల్లగా ఉంది. అదేంటి, డబ్బాలో పోస్తున్నావు?”

“మీ ఇంటికెళ్లి తిందాం. దారిలో రొట్టె కొనుక్కుందాం.”

“మీ ఆయనకి కాస్త తీసిపెట్టు.”

“అక్కర్లేదు.”

“వచ్చేసరికి గిన్నె ఖాళీగా ఉంటే మళ్లీ నీ మీద...”

“ఆయన రాగానే ముందు టీ పెట్టుకుంటాడు. చెప్పులు కూడా విప్పడు. పొయ్యి వెలిగించాకే తిట్లయినా, దెబ్బలయినా.”

“దెబ్బలన్నావు.”

“అన్నాను. మూత ఇటివ్వు.”

“తలుపు కింద ఈ తడిగుడ్డలేంటి?”

“చీమలు.”

“ఒక్కటీ కనపడదే.”

“నువ్వు వీధి చివర నిలబడక్కా. పొయ్యి తుడిచి, తాళం వేసి వస్తా.”

“ఉంటాలే, కలిసే వెళ్దాం.”

“నడవమన్నానా.”

వీధి చివర, బస్సు ఆగే చోట.

“ఇంతసేపా?”

“తాళం పట్టలేదు.”

“తాళంచెవి ఎప్పట్లాగే పూలకుండీ కిందేగా పెట్టావు?”

“ఆఁ. ఆయన తీసుకుంటాడు.”

“మూత సరిగ్గా పెట్టలేదేంటే? డబ్బా ఇలా ఇవ్వు, పెరుగు ఒలుకుతోంది.”

“అదిగో బస్సు. ఎక్కు.”

“ఆగు. వెలిగించని పొయ్యిని తుడవడమేంటి?”

“ఎక్కక్కా.”

“నీ కొంగంతా గ్యాస్ వాసన.”

“ఎక్కు. తర్వాత మాట్లాడుకుందాం.”

“పొయ్యి కట్టేశావా?”

“ఆయన రాగానే వెలిగించుకుంటాడు.”

“ఒసే.”

“ఇంక నాకు ఏ తలుపూ తగలదక్కా.”

“వెనక్కి పద. ముందు వెనక్కి పద.”

“నేను రాను. ఆయన వస్తే రానీ. నువ్వు మాత్రం ఏమీ చూడలేదు, ఏమీ వినలేదు.”

“ఆయన సంగతి కాదే. ఇందాక ఇక్కడ నిలబడి మీ బావకి ఫోన్ చేశాను. నీ చెయ్యి చూశాక ఊరుకోలేకపోయాను. వచ్చి మీ ఆయనతో మాట్లాడమన్నాను. కుండీ కింద తాళంచెవి ఉంటుంది, ఆయనొచ్చేదాకా లోపల టీ పెట్టుకుని తాగుతూ కూర్చోమన్నాను.”