పైపు పైకి ఉన్నంతసేపు

అలా అంటే ఎలా సిస్టర్? మా అత్తగారిని వేరే ఊరి బోరింగుకి పంపించేస్తే నేనెవరితో పని చెయ్యాలి? నెలలో నాలుగుసార్లు పాడైందంటే తప్పు బోరింగుది గాని, మాదెలా అవుతుంది?

నవ్వకండి. ఆర్నెల్ల కిందట ఇదే మిషన్ వరండాలో నిలబడి "ఆవిడతో పని నా వల్ల కాదు" అన్నది నేనే, కాదనడం లేదు.

మీ దేశంలో అత్తా అల్లుడూ ఒకే బల్ల దగ్గర కూచుని భోంచేస్తారట. మా బెంబా తెగవాళ్ళకి అలా కుదరదు. పిల్లవైపు వాళ్ళు పిలిచి, వండిపెట్టి, "ఇక మాట్లాడుకోండి" అనేదాకా ఎదురుపడకూడదు. మరి ఆ పిలుపు పిలవాల్సింది ఎవరు? అత్తగారి అన్న కటోంగో. పెళ్ళైన వారానికే ఆయన కుక్కతోక మీంచి నా సైకిలు పోయింది. అంతే, ఇరవై రెండేళ్ళుగా పిలవలేదు.

ఇన్నేళ్ళూ ఆవిడ దగ్గు వినిపిస్తే చాలు, కర్రపెండలం చేలోకి దూకేవాణ్ణి. ఆవిడ మొహం కన్నా మడమలే నాకు బాగా తెలుసు.

మీరేమో బోరింగు పని నేర్పి, ఊరికో మగమనిషి, ఓ ఆడమనిషి అన్నారు. మీ పరీక్షలో గట్టెక్కిందెవరు? నేనూ, ఆవిడా.

పోయిన నెల మొదటిసారి వాషరు అరిగి, పైపులన్నీ పైకి లాగాల్సొచ్చిందా? మా ఇద్దరి మధ్యా ఆడవాళ్ళు నడుముకి చుట్టుకునే చితెంగే గుడ్డ అడ్డం కట్టారు. నాతో మాట్లాడకూడదు కదా, ఆవిడ అక్కడ తిరిగే కోడితో "పైపు గట్టిగా పట్టుకోమని చెప్పవే" అంటుంది. నేను బకెట్టుతో "పట్టుకునే ఉన్నానని చెప్పు" అంటాను. నీళ్ళకొచ్చిన ఆడవాళ్ళు కడుపులు పట్టుకుని నవ్వుతున్నారు. ఇంతలో కోడి కాస్తా వెళ్ళిపోయింది. "వదలొద్దు" అని ఎవరితో చెప్పాలో తెలీక ఆవిడ ఊరుకుంది. నేను వదిలేశాను. పైపు బోరులోకి పోయింది.

మూడు రోజులు ఊరంతా వాగునీళ్ళే. చివరికి పెద్దలు కూచున్నారు. ముసోండ తాత తేల్చేశాడు: "పైపు పైకి ఉన్నంతసేపు మాట్లాడుకోండి. పైపు దిగిందా, నోళ్ళు మూసుకోండి."

గుడ్డ తీసేశాక ఆవిడ నాతో అన్న మొదటి మాటేంటో తెలుసా? "ఏమయ్యా అల్లుడూ, చొక్కా గుండీలు ఎప్పుడూ ఒక కాజా తప్పించి పెడతావేం? ఇరవై రెండేళ్ళుగా చెప్పే వీల్లేక నా ప్రాణం పోయింది."

చూసుకుంటే ఆ రోజూ అంతే.

ఇక అక్కణ్ణుంచి ఆపితేనా! మా ఆవిడ చిలుఫ్యా ఏడేళ్ళప్పుడు విత్తనానికి దాచిన వేరుశనగంతా తినేసి, ఎలకలు తిన్నాయందట. ఇంటికెళ్ళి "ఎలకలు కులాసాయేనా?" అని అడిగాను. రెండ్రోజులు నాతో మాటల్లేవు. ఇంట్లో పెళ్ళాం మాట్లాడదు, బోరింగు దగ్గర అత్తగారు ఆపదు. ఎంత హాయో చెప్పలేను.

తర్వాత కటోంగో కథ. బిషప్పుగారొచ్చిన రోజున చర్చి గంటతాడు కాలికి చుట్టుకుని కటోంగో పైకి లేచిపోయాడట. "తర్వాత?" అన్నాను. సరిగ్గా అప్పుడే ఆఖరి పైపు దిగిపోయింది. ఆవిడ నోటి మీద చెయ్యి పెట్టుకుని, బకెట్టు నెత్తికెత్తుకుని, చక్కా పోయింది.

కటోంగో గాల్లోనే ఉండిపోయాడు సిస్టర్. నాకు ముద్ద దిగుతుందా?

అందుకని... ఫాదర్ దగ్గర చెప్పుకోవాల్సింది మీ దగ్గర చెప్పేస్తున్నా. ఈ నెల మొదటిసారి పాడుచేసింది నేనే. పూజలో అందరూ మోకాళ్ళ మీదుండగా వెళ్ళి, చెయినుకి రాడ్డుని పట్టి ఉంచే నట్టు వదులు చేశాను. రాడ్డు లోపలికి జారితే పైపులన్నీ లాగక తప్పదు కదా. కటోంగో కిందికి దిగాడు. కానీ పైపు దిగేలోపు ఆవిడ ఇంకో కథ మొదలుపెట్టింది. దాంతో రెండోసారీ నేనే. పూట తిరిగేసరికి బాగుచేసేశాంగా!

మిగతా రెండుసార్లా? సిలువ మీద ఒట్టు, నేను కాదు. వెళ్ళిన మాట నిజమే. రెండుసార్లూ పానా పట్టుకుని వెళ్ళాను. అప్పటికే రాడ్డు జారిపోయి ఉంది. నట్టు మాత్రం శుభ్రంగా తుడిచి రాయి మీద పెట్టి ఉంది.

ఈ ఊళ్ళో పానాలు రెండే సిస్టర్. రెండోది ఎవరికిచ్చారో మీకే తెలుసు.