గుండె తేలికైన ఆదివారం

జమ్మలమడుగులో ఆదివారం ఆరాధన ముగించుకొని ఆలుమగలిద్దరూ పులివెందుల బస్సెక్కారు. ఊరు దాటగానే ఆమె నోరు విప్పింది.

“సాక్ష్యం చెప్పమంటే నీ సంగతి చెప్పుకోవల్ల. నా పెండ్లానికి ఇంకా రక్షణ లేదు, ప్రార్థన చేయండని అంతమందిలో చెప్తావా మామా?”

“ఉన్నమాటే కదమ్మే. అందరూ ఏడుస్తాంటే నువ్వు రాయి మాదిరి కూచోనుంటివి.”

“ఏడిస్తేనే రక్షణా?”

“ఏడ్చినాక గుండె తేలికైతాది. దేవుడు క్షమించినాడని అదే గురుతు.”

“పోయిన వారమూ తేలికైందంటివి. ఆనక మీయన్న చీనీచెట్లకు నీళ్లిడిస్తివా? ఇద్దరిదీ ఒకటే బోరు. స్టార్టరు పెట్టెకు తాళమేసి, బావ తోట ఎండబెట్టిందెవరు?”

“ఆ సంగతి వేరే.”

“యాడ వేరే? ముందు పోయి అన్నతో సమాధానపడు, ఆనక నా కాడికి రా అని యేసయ్య చెప్పల్యా? ఆ మాట ఇననోనికి గుండె తేలికైతే ఏంది, బరువైతే ఏంది?”

“మెల్లగా మాట్లాడు. బస్సులో అందరూ ఇంటాండారు.”

“మందిరంలో ఇనలేదా?”

బస్సు అతని అన్న ఉండే తొండూరులో ఆగింది. ఆమె సంచిలోంచి స్టార్టరు పెట్టె తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టింది.

“దిగు మామా. టిక్కెట్లు ఈడికే తీసినా. ఏడ్చేదుంటే మీయన్న ముందర ఏడువు.”