ఐదో పొట్లం

“తెల్లబీర ఎలా ఉండేది తాతయ్యా?” అనేగా అడిగావు? ఇలా కూర్చో అమ్మాయ్, చెప్తా.

తొంభై మూడు, శ్రావణమాసం. కాదులే, తొంభై నాలుగు. మీ నాన్న అప్పుడు బాపట్ల హాస్టల్లో ఉన్నాడు. మేం కొల్లూరు అవతల, కృష్ణ మధ్య లంకలో ఉండేవాళ్లం. ఐదు రకాల బీర పెట్టేవాణ్ణి: మూరెడు బీర, పొట్టిబీర, నల్లబీర, గుత్తికి ఐదారు కాసే గుత్తిబీర, నువ్వడిగిన ఈ తెల్లది. తెనాలి మార్కెట్లో దాన్ని చూసి, “ఏంటి బాబాయ్, కాయకి పచ్చకామెర్లా?” అని వెక్కిరించేవాళ్లు. కానీ బూడిద తెగులు పడి పందిళ్లన్నీ మాడిపోయినా దాని ఆకు మీద చుక్క ఉండేది కాదు.

బీర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది కదా. విత్తనానికి అనుకున్న మొగ్గకి మీ నాయనమ్మ ముందే చీరపీలిక కట్టేది. పొద్దువాలాక విప్పి, అదే రకం మగపువ్వు రుద్ది, మళ్లీ కట్టేది. అలా కడితేనే ఏ రకం ఆ రకంగా నిలిచేది.

ఆ సంగతి విని, ఊరూరా నాటు విత్తనాలు సేకరించే సార్ ఒకాయన పడవెక్కి వచ్చాడు. పందిళ్ల కింద అటూ ఇటూ తిరిగి, ఒక్కో కాయా పట్టి చూశాడమ్మా. “గుత్తిబీరకీ తెల్లబీరకీ కలిపితే, గుత్తులుగా కాసి తెగులుకి నిలిచే తీగ రావచ్చండి. ఎన్ని జిల్లాల రైతులకి పనికొస్తుందో” అన్నాడు. నేను మార్కెట్‌కి మోసుకెళ్లిన కాయలో అంత ఉందా అనుకున్నా.

రకానికొకటి చొప్పున ఐదు ఖాళీ పొట్లాలు తీశాడు. రాత్రిబడిలో నేర్చిన అక్షరాలు కదా, పేర్లు నేనే రాస్తానన్నా. నాలుగు నింపా. ఐదోదాని మీద తెల్లబీర అని రాశాక విత్తనం పొయ్యడానికి చెయ్యి రాలేదు. “ఇవాళ శుక్రవారం సార్. ఇంట్లో విత్తనం బయటికి పోకూడదు. సోమవారం రండి” అన్నా.

“మిగతా నాలుగూ ఏ వారం ఇచ్చావయ్యా? శుక్రవారం కాయలమ్మేప్పుడు లేని పట్టింపు ఇప్పుడొచ్చిందా?” అంది మీ నాయనమ్మ. నిజమే. నా దగ్గర తప్ప ఇంకెక్కడా లేనిది ఇవ్వబుద్ధి కాలేదు, అంతే. ఆవిడెంత చెప్పినా వినలేదు. సార్ ఆ ఖాళీ పొట్లం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆదివారం కృష్ణ పొంగింది. తెల్లబీర విత్తనం పొయ్యి పైన దూలానికి వేలాడుతోంది, ఎత్తులోనే ఉందిలే అనుకుని గేదెల్ని తోలుకుని గట్టెక్కాం. మట్టిగోడలు కరిగి ఇల్లే కూలింది. పందిళ్లూ పోయాయి.

మరుసటేడు సార్ మళ్లీ వచ్చాడు. పాపం, నాలుగు రకాల విత్తనమూ పెంచి తెచ్చిచ్చాడు. ఆ ఖాళీ ఐదో పొట్లం నా చేతిలో పెట్టి, “మీ దగ్గరేమైనా మిగిలిందాండీ?” అన్నాడు.

నువ్వు మాత్రం అడిగిన వాళ్లకి అడిగిన రోజే ఇవ్వు తల్లీ, చల్లగా ఉంటావు. రేపల్లె దాకా ఊరూరా అడిగాం. తెల్లబీర మళ్లీ దొరకలేదు.